ఊక లారీ కూత

చిట్టియ్య మద్రాసు ప్రయాణం క్షేమంగా జరగాలని ఆదివారం చర్చిలో పాస్టరు గారు పేరు పెట్టి ప్రార్థన చేశారు. అందరూ గట్టిగానే ఆమెన్ అన్నారు. మంగళవారం నిడదవోలు జంక్షన్‌లో మద్రాసు రైలెక్కింది మాత్రం ఉదయ్‌భాస్కర్.

తొంభై అయిదో సంవత్సరం సంగతి ఇది. టర్బో లారీలు అప్పుడప్పుడే మన రోడ్ల మీదికి వస్తున్నాయి. కొత్త బళ్ల పని నేర్పుతాం, పెద్ద షెడ్డుకొక మేస్త్రీని మద్రాసు పంపండని అమ్మకందారులు కబురు చేశారు. నిడదవోలులో పెద్ద షెడ్డంటే కాలవ రోడ్డులో అనంతకృష్ణ గారిది. అందులో పెద్ద మేస్త్రీ చిట్టియ్య. ఇక ఆలోచించడానికేముంది? "బట్టలు సర్దుకో చిట్టియ్యా" అన్నారు అనంతకృష్ణ గారు. చిట్టియ్య తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. గ్రీజు పని చేసేవాడికి తెల్ల చొక్కా ఎందుకయ్యా అని దర్జీ నవ్వితే, "అక్కడ కుర్చీలో కూర్చోబెట్టి చెప్తారంట" అన్నాడు. అతని భార్య ఏసమ్మ రైసుమిల్లులో పనిచేస్తుంది. ఆ కుర్చీ మాట మిల్లంతా చెప్పుకొచ్చింది.

సోమవారం పొద్దున్న అనంతకృష్ణ గారు చిట్టియ్య ముఖం వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న గోడకి చెబుతున్నట్టు చెప్పారు.

"మిల్లు వాళ్ల ఇంజను దింపాలి కదా, నువ్వు లేకపోతే ఎలా? పైగా అక్కడంతా ఇంగ్లీషేనంట. మా భాస్కర్ వెళ్లొస్తాడులే."

భాస్కర్ ఆయన మేనల్లుడు. పాలిటెక్నిక్ చదివి, ఉద్యోగం దొరక్క షెడ్డులో చేరి ఇంకా ఏడాది తిరగలేదు. చిట్టియ్య "అలాగేనండి" అన్నాడు. అనక ఏం చేస్తాడు? ఇంజను దింపాడు. ఆ వచ్చే ఆదివారం చర్చికి వెళ్లలేదు. అక్కడ డోలక్కు వాయించేది అతనే. వాయించేవాడు లేక పాట ఒక్కో వరసలో ఒక్కోలా సాగిందని ఏసమ్మ వచ్చి చెప్పింది.

"అందరూ అడిగారు, చిట్టియ్య మద్రాసు నుంచి ఎప్పుడొస్తాడని."

"నువ్వేం చెప్పావు?"

"వెళ్తేగా రావడానికి అన్నాను. అబద్ధం చెప్పమంటావా గుళ్లో?"

భాస్కర్ తిరిగొచ్చాక చిట్టియ్యకి ఇంకో ముక్క తెలిసింది. చెప్పింది కూడా భాస్కరే, ఏమీ ఎరగనట్టు, నవ్వుతూ. "మాకు చెప్పిన సారు మన గుడివాడాయనేనండి మేస్త్రి గారూ. అంతా తెలుగులోనే చెప్పారు. మీరొచ్చుంటే ఎంత బాగుండేదో!"

చిట్టియ్య స్పానరు తీసుకుని పక్క బండి కిందికి దూరాడు.

చిట్టియ్య ఊరికే పెద్ద మేస్త్రీ కాలేదు. నిడదవోలు పక్కన పల్లెలో పాలేరు కొడుకు. లారీలు కడిగే పనితో మొదలుపెట్టాడు. చదువు అంతంత మాత్రం. ఉన్నదల్లా చెవి. పొడుగాటి స్క్రూ డ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. డాక్టరు గుండె విన్నట్టు వినేవాడు. ఏ సిలిండర్లో ఏముందో, ఏ బేరింగు ఎన్నాళ్లు ఆడుతుందో చెప్పేవాడు. బండి గేటు దాటకముందే, వీపు తిప్పి కూర్చునే, "మూడోది సరిగ్గా కొట్టడం లేదు, లోపలికి తీసుకురా" అనేవాడు. డ్రైవర్లు ఆ చెవి గురించి కొవ్వూరు టీ కొట్టు నుంచి అన్నవరం కొండ కింది దాకా చెప్పుకునేవారు.

ఆ చెవితో పాటు ఇంకొక పేరు కూడా ఉండేది అతనికి. గుడ్డ పేరు. మన వైపు రైసుమిల్లుల నుంచి ఇటుక బట్టీలకి ఊక తోలే లారీలు ఎన్నో. ఊక లోడు చేస్తుంటే మిల్లు వెనకంతా పొగమంచు పట్టినట్టు ధూళి లేస్తుంది. ఆ ధూళి ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి పోయి పిస్టన్లు అరగదీసేది. చిట్టియ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. పాత నూలు లుంగీ ముక్క తడిపి, ఆ గొట్టం మూతికి కట్టెయ్యడం. ధూళి గుడ్డకి అంటుకుంటుంది, గాలి లోపలికి వెళ్తుంది. దింపాక కాలవలో జాడించి మళ్లీ కట్టుకోవచ్చు. అంతే. ఎన్ని ఇంజన్లు బతికాయో లెక్కలేదు. తణుకు నుంచి రాజమండ్రి దాకా ఊక డ్రైవర్లు దాన్ని "చిట్టియ్య గుడ్డ" అనేవారు. చనిపోయాక రాతి పలక మీద పేరు చెక్కించుకునేవాళ్లుంటారు. చిట్టియ్యకి బతికుండగానే, కదిలే ప్రతి ఊక లారీ మీదా పేరుంది.

అలాంటి మనిషికి షెడ్డు గుమ్మంలో ఒక కొత్త మాట వినబడటం మొదలైంది.

"టర్బో బాబు గారు లేరా అండి?"

అడిగిన డ్రైవరుకి చిట్టియ్య బండి కింద పడుకునే జవాబు చెప్పేవాడు. "లేరు. నాతో పని కాదా?"

"మీతో కాదని కాదండి. టర్బో కదండి, ఆయనైతే..."

ఆ "ఆయనైతే" దగ్గర చిట్టియ్య చేతిలో నట్టు జారేది.

అనంతకృష్ణ గారు మేనల్లుడి సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి, తన కుర్చీ వెనక సత్యనారాయణ స్వామి పటం పక్కనే తగిలించారు. అగరుబత్తి వెలిగిస్తే ఆ పొగ రెండింటికీ తగిలేది. చిట్టియ్య ఆ గోడ వైపు చూడటం మానేశాడు. జీతం తీసుకునే రోజు కూడా తల దించుకునే తీసుకునేవాడు.

పోనీ ఆ భాస్కర్ పొగరుబోతా? కాదు. అదే చిట్టియ్య ప్రాణానికి వచ్చింది. ఆ కుర్రాడు నోరు తెరిస్తే "మేస్త్రి గారు", "మీరే చెప్పాలండి". టీ వస్తే ముందు గ్లాసు చిట్టియ్యకి అందించేవాడు. మంచివాడి మీద అసూయ పడటం అంత కష్టం ఇంకోటి లేదు. చెడ్డవాణ్ని తిట్టుకుంటే తోడు నలుగురొస్తారు. మంచివాణ్ని తిట్టుకోవాలంటే ఒక్కడివే కూర్చుని తిట్టుకోవాలి, అదీ మనసులో.

మద్రాసులో నేర్చుకున్నది ఆ కుర్రాడు దాచుకోలేదు కూడా. టీ వేళకి షెడ్డులో వాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. పొగ గొట్టంలోంచి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుందనీ, ఆ చక్రం ఇరుసుకి రెండో కొసన ఉన్న ఇంకో చక్రం గాలిని ఇంజనులోకి కుక్కుతుందనీ, నత్తగుల్లలా మెలిక తిరిగిన ఆ డొల్లే టర్బో అనీ చెప్పేవాడు. చిట్టియ్య ఆ గుంపులోకి వెళ్లేవాడు కాదు. సరిగ్గా ఆ వేళకే ఏదో ఒక బండి కింద దూరి, సుత్తితో అవసరం లేనిచోట కొడుతూ ఉండేవాడు. కొడుతూనే వినేవాడు. చెవి మూసుకోవడం అతనికి చేతకాదు.

"మంచి టర్బోకి కూడా సన్నగా ఈల ఉంటుంది, దానికి భయపడకండి" అంటున్నాడు భాస్కర్ ఒకరోజు. "బుస్సుమంటే గాలి గొట్టం ఎక్కడో లూజు. టిక్కు టిక్కుమంటే పొగ గొట్టం దగ్గర గ్యాస్కెట్టు పోయింది. గరగరమంటే రెక్క గోడకి రాసుకుంటోంది, అప్పుడు మాత్రం బండి ఉన్నచోటే ఆపెయ్యాలి."

"సైరను కూసినట్టు కూస్తేనండి?" ఎవరో అడిగారు.

"అదే చిక్కు. బేరింగు పోయినా కూస్తుంది, గాలి అందకపోయినా కూస్తుంది. గాలి అందకపోతే టర్బో తన ఆయిలు తనే పీల్చుకుంటుంది. గొట్టం విప్పితే లోపల ఆయిలు కనబడుతుంది. అయ్యో టర్బో పోయిందనుకుని విప్పేస్తాం. అందుకే ముందు గాలి వచ్చే దారి చూడాలి. టర్బో జోలికి ఆఖర్నే వెళ్లాలి."

చిట్టియ్య సుత్తి ఆగింది. మంచి మాట, అనుకున్నాడు. వెంటనే, ఈ మాట నా నోటి నుంచి రావాల్సింది, అనుకున్నాడు. ఆ కుర్చీలో తెల్ల చొక్కా వేసుకుని తను కూర్చునుంటే, ఇవాళ ఆ గుంపు మధ్యలో ఉండేది తను. ఆ కుర్రాడు చెప్పే ప్రతి కొత్త సంగతీ తన జేబులోంచి తీసి పంచిపెడుతున్నట్టే ఉండేది అతనికి.

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని అదే సొద.

"స్పానరు కూడా గుడ్డతో పట్టుకుంటాడే వాడు. చేతికి నల్ల అంటకూడదంట."

"మంచి పనేగా" అంది ఏసమ్మ. "నీ చొక్కాలు ఉతికి నా చేతులు చూడు ఎలా ఉన్నాయో."

"ఇంజను వినమంటే వినడు. ఆ బల్బు పెట్టి చూస్తాడు, ఈ గేజు పెట్టి చూస్తాడు."

"నీకు ఆ అబ్బాయి మీద ఉన్నది కోపం కాదు. కుళ్లు."

"కుళ్లేంటే?"

"కుళ్లే. ఎదురింటి పాపాయమ్మ గ్రైండరు కొన్నప్పుడు నాకొచ్చిందే, అదే. దాని మొహం నాకు బాగా తెలుసు. చారు పొయ్యనా?"

చిట్టియ్య చారు వద్దని లేచిపోయాడు.

ఇలా రెండు మూడేళ్లు గడిచాయి. ఏసమ్మ తమ్ముడు ఏసురాజు సెకండు హ్యాండులో ఒక టర్బో లారీ కొన్నాడు. తనే ఓనరు, తనే డ్రైవరు. మిల్లు ఊక కొవ్వూరు వంతెన దాటించి, అవతల బట్టీలకి తోలతాడు. బండి కొన్న మొదటి రోజే బావ దగ్గరికి తెచ్చి, గాలి గొట్టానికి తడిగుడ్డ కట్టించుకున్నాడు. బావ చేత్తోనే కట్టాలని పట్టుబట్టాడు కూడా. వానల్లో ఊక ధూళి తక్కువ కాబట్టి కొన్ని నెలలు బాగానే తిరిగింది. తర్వాత బండి కూయడం మొదలుపెట్టింది. మామూలుగా కాదు. లోడుతో ఎత్తు ఎక్కుతుంటే పోలీసు జీపు వెనక తరుముతున్నట్టు సన్నగా మొదలై, పెరిగి పెరిగి, చెవులు చిల్లులు పడేలా అరిచేది. వెనక నల్లటి పొగ, దానిలో నీలం జీర.

ఏసురాజు బండి షెడ్డుకి తెచ్చాడు. మధ్యాహ్నం వేళ. వేరే బళ్ల డ్రైవర్లు కొందరు బల్లల మీద కూర్చుని ఉన్నారు. అనంతకృష్ణ గారు కుర్చీలో ఉన్నారు. భాస్కర్ కూడా బయటికొచ్చాడు.

"బావా, నువ్వు విను ముందు" అన్నాడు ఏసురాజు.

ఆ "ముందు" అన్నమాటతో చిట్టియ్యకి ప్రాణం లేచొచ్చినట్టయింది. స్క్రూ డ్రైవరు పిడి చెవికి పెట్టుకున్నాడు. యాక్సిలేటరు తొక్కమన్నాడు. విన్నాడు. తర్వాత గొట్టం విప్పాడు. లోపలంతా ఆయిలు, వేలు పెడితే జిడ్డు. చక్రం మధ్యలో ఇరుసు పట్టుకుని ఊపాడు. కాస్త ఊగింది.

"టర్బో పోయింది" అన్నాడు.

"నేనొక్కసారి చూడనా అండి మేస్త్రి గారూ?" అన్నాడు భాస్కర్. అడిగి, అనుమతి దొరికినట్టే అనుకుని, వేలు పెట్టి చూశాడు. "ఇరుసు అడ్డంగా ఈమాత్రం ఊగడం ఉండాల్సిందేనండి. ముందుకీ వెనక్కీ మాత్రం జరగట్లేదు చూడండి. రెక్కలు గోడకి తగిలిన గీత కూడా లేదు. నాకెందుకో గాలి అందట్లేదేమో అనిపిస్తోంది." ఒక్క క్షణం తటపటాయించాడు. "ఆ గుడ్డ తీసేసి ఒకసారి నడిపి చూద్దామండి."

బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో చిన్నగా దగ్గారు. ఆ గుడ్డ ఎవరిదో అక్కడ తెలియనివాళ్లు లేరు.

నిజం చెప్పాలంటే, చిట్టియ్యకి అప్పటికే తెలిసిపోయింది. స్క్రూ డ్రైవరు చెవికి పెట్టినప్పుడే తెలిసింది. ఇనుము ఇనుముని రాసుకుంటే వచ్చే శబ్దం కాదది. ఇరుకు సందులోంచి గాలిని బలవంతంగా లాగితే వచ్చే ఏడుపు. పాత ఇంజను పీల్చుకున్నంతే పీల్చుకునేది, గుడ్డలోంచి వచ్చే గాలి దానికి సరిపోయేది. ఇది అలా కాదు, లాగుతుంది. తడి గుడ్డ, దాని మీద అట్టకట్టిన ఊక ధూళి. ఆ బండి గొంతుకి ఉరి వేసింది తన గుడ్డే. అతని చెవి ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఆరోజు కూడా చెప్పలేదు. కానీ భాస్కర్ ఆ మాట ముందే అనేశాడు. అవునంటే ఏమవుతుంది? మద్రాసు పోయింది. టర్బో బళ్లు పోయాయి. ఇప్పుడు గుడ్డ కూడా పోతుంది. ఇంతమంది ముందు, ఆ ఫ్రేము కింద.

"ఆ గుడ్డ కట్టిన బండి ఒక్కటి చెడిందేమో చూపించండి" అన్నాడు. గొంతు అతనికే కొత్తగా వినబడింది. "మీరు లాగూలు వేసుకుని బడికెళ్లేనాడు కట్టాను నేను మొదటి గుడ్డ."

"అది పాత బళ్ల సంగతి కదండి..."

"ఏసురాజూ, నువ్వు చెప్పు. బావని నమ్ముతావా, మద్రాసుని నమ్ముతావా?"

ఏసురాజు ఇద్దరి వంకా చూశాడు. "అదేంటి బావా ఆ మాట! నువ్వే."

భాస్కర్ ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేది. గొడవ పడేవాడైతే చిట్టియ్యకి ఎంత సుఖంగా ఉండేదో.

ఏసురాజు డబ్బుతో కొత్త టర్బో తెప్పించారు. చిట్టియ్య ఒక్కడే కూర్చుని బిగించాడు. ఎంత శుభ్రంగా బిగించాడంటే, అంత శ్రద్ధ అతను తన జీవితంలో పెట్టి ఉండడు. బిగించాక కాలవ గట్టు మీద ఖాళీ బండి నడిపి చూపించారు. కూత లేదు. ఎందుకుంటుంది? గుడ్డ విప్పి పక్కన పెట్టి ఉంది, లోడు లేదు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. "మా మేస్త్రి గారి చెవంటే చెవండి!" అన్నాడొకడు. అనంతకృష్ణ గారు కూడా నవ్వుతూ, "చిట్టియ్యంటే ఏమనుకున్నావురా భాస్కరూ" అన్నారు. ఆ మాట కోసం చిట్టియ్య ఎన్నాళ్లుగా ఎదురు చూశాడో! తీరా చెవిన పడ్డాక, అది పక్కవాడి పెళ్లిలో వేసిన దండలా మెడకి గుచ్చుకుంది.

భాస్కర్ దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా, "పోనీ గుడ్డొక్కటి మళ్లీ కట్టకండి మేస్త్రి గారూ. మీ మాటే నిలబడనివ్వండి, నేనేమీ అనను" అన్నాడు.

ఆ జాలి చిట్టియ్య భరించలేకపోయాడు. అతను చూస్తుండగానే గుడ్డ కాలవలో తడిపి తెచ్చి, గొట్టం మూతికి బిగించి, మూడు ముళ్లు వేశాడు.

మర్నాడు మిల్లులో గుడ్డ మీద నీళ్లు కొట్టి, లోడు ఎత్తించాక ఏసురాజు, "నువ్వు కూడా రా బావా, వంతెన మీద ఎలా ఎక్కుతుందో చూద్దువుగాని" అని బావని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. కొవ్వూరు దాకా పాటలు పాడుకుంటూ వెళ్లాడు. వంతెన ఎత్తు మొదలవగానే బండి కూసింది. కొత్త టర్బో. అదే కూత. పైకెక్కేకొద్దీ పెరుగుతోంది. అద్దంలో చూస్తే వెనక నీలం పొగ, ఆ పొగలో బస్సువాళ్ల హారన్లు. ఏసురాజు పాట ఆపేశాడు.

"బావా, ఇది కూడా పోతోందా? ఇది కూడా పోతే నేనేమైపోవాలి బావా?"

"ఆపు" అన్నాడు చిట్టియ్య.

"వంతెన మీదా?"

"ఆపమన్నానా!"

దిగాడు. కింద గోదావరి, వెనక హారన్లు, తిట్లు. క్యాబిను పక్కకి ఎక్కి ముళ్లు విప్పబోయాడు. తడి ముడి రాలేదు. పళ్లతో కొరికి లాగేశాడు. ఊక ధూళితో రొట్టెలా మందం కట్టిన గుడ్డ చేతిలోకి వచ్చింది. ఏసురాజు బండి కదిలించాడు. కూత లేదు. సన్నటి ఈల, అంతే. పొగ కూడా పల్చబడింది.

అవతలి గట్టు చేరారు. అక్కడ ఏసురాజు బండి పక్కకి తీసి, బావ వంక తిరిగాడు.

"గుడ్డేనా బావా?"

"గుడ్డే."

"నీకు ముందే తెలుసా?"

చిట్టియ్య ఆ గుడ్డ మడిచి సీటు కింద పెట్టాడు. "ఎవరికీ చెప్పనులే" అన్నాడు ఏసురాజు. "అక్కకి కూడా చెప్పను."

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. ఆ బండి బతికింది, చూసినవాడు సొంత బావమరిది. కానీ మిల్లు దగ్గర అప్పటికి ఊక తోలే టర్బో బళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి, వాటన్నిటికీ గుడ్డలున్నాయి. గుడ్డ విప్పమని భాస్కర్ చెప్పి చూశాడని, ఒక్క డ్రైవరూ వినలేదని చిట్టియ్యకి తెలుసు. "చిట్టియ్య మేస్త్రి గారు చెప్తే విప్పుతామండి" అన్నారట. తన మాట మీద కట్టిన ముడి తన మాట మీదే ఊడాలి. తనని ఎవరూ మించకూడదని కోరుకున్నాడుగా, ఇందులో మాత్రం నిజంగానే ఎవరూ మించలేదు.

రెండు రోజులు నమలలేక మింగలేక తిరిగి, మూడో రోజు పొద్దున్నే మిల్లు గేటు దగ్గరికి వెళ్లాడు. ఊక లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఏమీ మాట్లాడకుండా మొదటి టర్బో బండి ఎక్కి గుడ్డ విప్పడం మొదలుపెట్టాడు. సత్తియ్య అనే డ్రైవరు పళ్లు తోముకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటండి మేస్త్రి గారూ, మీ గుడ్డ మీరే ఇప్పేస్తన్నారు? కొత్తది కడతారేంటి?"

"టర్బో బళ్లకి వద్దు. పాతవాటికి ఉంచుకోండి. దీనికి గొట్టం క్యాబిను పైదాకా పొడుగు చేయించి, ఫిల్టరు తరచూ దులుపుకోండి."

"ఎవరు చెప్పారండి?"

చిట్టియ్య చేతులు ఆగాయి. "నేనే కనిపెట్టాను" అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే నమ్ముతారు. ఇంకో చిట్టియ్య ఉపాయంగా ఊళ్లన్నీ చెప్పుకుంటాయి. భాస్కర్ ఎదురొచ్చి కాదనే మనిషి కూడా కాదు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో, ఎంతసేపు నోట్లో ఉంచుకున్నాడో అతనికే తెలియాలి.

"భాస్కర్ గారు చెప్పారు" అన్నాడు. "నేను కాదన్నాను. మా ఏసురాజు బండికి అనవసరంగా టర్బో మార్పించాను."

సత్తియ్య నోట్లో పుల్ల అలాగే ఉండిపోయింది. తర్వాత తల ఊపి, చాలా మామూలుగా అన్నాడు. "అవున్లెండి. మద్రాసెళ్లొచ్చారుగా మరి ఆయన."

చిట్టియ్య రెండో బండి ఎక్కాడు.

ఆ సాయంత్రానికి సంగతి షెడ్డు చేరింది. అనంతకృష్ణ గారు తిట్టలేదు. "పోనీలే చిట్టియ్యా, వయసు మీద పడుతోందిగా. ఇక నుంచి టర్బో విషయంలో ఆఖరి మాట భాస్కర్ది" అన్నారు. చిట్టియ్యకి అప్పటికి నలభై అయిదు కూడా లేవు. ఏసమ్మ మాత్రం విని, "తమ్ముడి దగ్గర తలెత్తుకోగలను ఇప్పుడు" అంది. అని, ఆ రాత్రి చారు అడక్కుండానే పోసింది.

నెల తిరగకుండా చిట్టియ్య షెడ్డు మానేశాడు. మొగుడూ పెళ్లాలు ధవళేశ్వరం మకాం మార్చేశారు. బ్యారేజీ రోడ్డు పక్కన రేకుల పాక వేసుకుని, పొలాల డీజిలు పంపులు, పాత లారీలు, ట్రాక్టర్లు బాగుచేసేవాడు. టర్బో ఉన్న బండి వస్తే, "ఇది నా పని కాదు, నిడదవోలు తీసుకెళ్లండి" అని పంపేసేవాడు. పంపుతూ భాస్కర్ పేరు చెప్పేవాడు కాదు. అడ్రసు మాత్రం పూస గుచ్చినట్టు చెప్పేవాడు. కొన్నాళ్లకి జీపులకీ కార్లకీ కూడా టర్బోలు వచ్చేశాయి. వెనక్కి పంపే బళ్లు పెరిగాయి, నిలిచే బళ్లు తగ్గాయి. అయినా పట్టు విడవలేదు. ఎవరైనా బండి దూరంగా వెళ్తూ కూస్తే మాత్రం పని ఆపి, అది మలుపు తిరిగేదాకా వినేవాడు. "గొట్టం లూజు" అనో, "దీని బేరింగు వర్షాకాలం దాకా ఆగదు" అనో తనలో తను అనుకునేవాడు. ఏసమ్మ వినీ విననట్టు ఊరుకునేది.

రెండువేల నాలుగులో ఒక మధ్యాహ్నం భాస్కర్ ఆ పాక ముందు మోటారు సైకిలు ఆపాడు. కాస్త లావయ్యాడు, ముందు జుట్టు పల్చబడింది. చిట్టియ్య లేచి నిలబడ్డాడు. లేచినందుకు తన మీద తనకే విసుగేసింది.

"బాగున్నారా అండి మేస్త్రి గారూ?"

"ఏదో ఇలా ఉన్నామండి. కూర్చోండి. ఏసమ్మా, మంచినీళ్లు."

భాస్కర్ నీళ్లు తాగి, రాజమండ్రిలో సొంతంగా పెద్ద షెడ్డు పెడుతున్నానన్నాడు. మేనమామ పెద్దవారైపోయారు, నిడదవోలు షెడ్డు ఎవరికో ఇచ్చేశారు. "మీరు రావాలండి. కుర్రాళ్లున్నారు, కంప్యూటరు పెట్టి చూస్తారు, కానీ వినడం రాదు ఒక్కడికీ. మీరు ఊరికే కూర్చుని వినండి చాలు. పెద్ద మేస్త్రీ మీరే. ఆఖరి మాట మీదే."

ఏసమ్మ గుమ్మంలో నిలబడి మొగుడి వంక ఆశగా చూసింది. చిట్టియ్య చేతులు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆఖరి మాట మీదే. ఈ కుర్రాడే ఇవ్వాలా దాన్ని? ఇచ్చేవాడు వేరే ఎవరైనా అయ్యుంటే ఈ పాటికి చొక్కా మార్చుకుని బండి వెనక కూర్చునేవాడు.

"రానండి" అన్నాడు.

"నా మీద ఇంకా కోపమేనా అండి?"

"కోపం మీ మావయ్య గారి మీద. మిమ్మల్ని చూస్తే వచ్చేది వేరే."

భాస్కర్ తల దించుకున్నాడు. ఏసమ్మకి చెప్పి లేచాడు. చిట్టియ్య రోడ్డుదాకా వచ్చాడు. మోటారు సైకిలు స్టార్టు కాబోతుంటే హ్యాండిలు మీద చెయ్యి వేసి ఆపాడు.

"ఒక్క మాట చెప్తాను, ఏమీ అనుకోకండి భాస్కర్ గారూ. ఆరోజు మా వాడి లారీ దగ్గర మీరు చెప్పింది తప్పయ్యుంటే ఎంత బాగుండేదో! మా వాడి టర్బో పోతే పోయేది. మిమ్మల్ని తిట్టుకుంటూ ఇన్నేళ్లూ హాయిగా బతికేవాణ్ని."